రేకుకును చట్రమునకును నడుమ

నులక విప్పిన మంచమును ఒక మూల పట్టి త్రోసి చూచినవారికి, నాలుగు కోళ్లును నాలుగు పట్టెలును ఎంత గట్టి కఱ్ఱవైనను, అవి చేరు బెజ్జములు ఎంత బిగువుగా నున్నను, ఆ చట్రము చూచుచుండగనే వాలి వంకర చతుర్భుజమగుట అనుభవమే. ఆ మంచమునకే నులక అల్లి బిగించిన పిమ్మట, కోళ్లు మునుపటివే యయ్యు, పట్టెలు మునుపటివే యయ్యు, అది మూలకు లాగినను లొంగదు. పందెపు కారునకు సన్నని ఉక్కు గొట్టములతో చట్రము కట్టి, దానిపై అల్యూమినియము రేకులను తాపడము చేయుటయందలి మర్మమంతయు ఈ నులక మంచమునందే యున్నది. గొట్టములు పట్టెలు, రేకు నులక. అయితే నులక పట్టెను చుట్టి పెనవేసికొని యుండును గాని రేకునకు అట్టి వీలు లేదు. రేకును చట్రమునకు ఏది పట్టియుంచవలెను? రివెట్టా, టంకమా, జిగురా? జిగురైనచో ఏ జిగురు? ఇంగ్లండునందలి విమాన కర్మాగారములును, చిన్న కార్ఖానాలును, ఇంటి వెనుక షెడ్లును అర్ధశతాబ్దికి పైగా ఈ ప్రశ్నను చేతులతో తడవి తడవి చూచినవి.

తాపడమను మాట మనకు గుడి తలుపులకు వెండి రేకు తొడుగుటవలనను, గోపురములకు బంగారు రేకు పొదుగుటవలనను పరిచితమైనది. ఆ తాపడము శోభకొఱకైనది. తలుపు బలము తలుపుదే. ఇక లేపముల మాటకు వచ్చినచో, ఆరవ శతాబ్దినాటి వరాహమిహిరుడు తన బృహత్సంహితయందు వజ్రలేపమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూవులు మొదలగువానిని నీటిలో ఎనిమిదవ వంతు మిగులునట్లు కాచి, అందు గుగ్గిలము, గుగ్గులు, అవిసె, మారేడు మున్నగువానిని నూరి కలిపి, వేడిమీదనే ప్రాసాదములకును ప్రతిమలకును పూయవలెనని విధించెను. ఆ యోగమునందలి రెండు సూక్ష్మములను చదువరులు జ్ఞాపకముంచుకొనగోరెదను: లేపము ఏకద్రవ్యము గాక అనేక ద్రవ్యముల మేళనమగుట యొకటి, వేడి లేక అది పట్టకుండుట రెండవది. ఇరువదవ శతాబ్దిలో లోహమును లోహమునకు అతికించిన మొదటి కృత్రిమ లేపమునందును ఈ రెండే మరల కనబడును.

రెండవ ప్రపంచయుద్ధానంతరము, ఇంగ్లండులో కొనుటకు డబ్బును అమ్ముటకు కార్లును కొఱతపడియున్న కాలమున, యువకులనేకులు పాత ఆస్టిన్, ఫోర్డు కార్ల విడిభాగములతో స్వయముగా పందెపు కార్లు కట్టుకొనసాగిరి. వారిలో కాలిన్ చాప్‌మన్ అను ఇంజనీరు, లండను ఉత్తరమున హార్న్‌సీ పేటలో, తన తండ్రి హోటలు వెనుకనున్న పాత గుఱ్ఱపుసాలలో లోటస్ సంస్థను నడపుచు, 1952లో మార్క్ సిక్స్ అను కారును, 1956లో ఎలెవెన్‌ను, 1957లో సెవెన్‌ను వెలువరించెను. వీనిని విడి సామానుగా అమ్ము ఆచారము ఆనాడు ఉండెను. పూర్తి కారుపై పడిన కొనుగోలు పన్ను సామానుపై పడకుండెను గనుక, కొన్నవాడు ఆ సామానును ఇంటికి తెచ్చుకొని, సెలవుదినములందు తానే బిగించుకొనెడివాడు. పందెమున దెబ్బతిన్న రేకును ఊడదీసి కొత్తది వేసికొనుటయు అతని పనియే. పందెపు కారు నిర్మాణము ఇంజనీరు గది దాటి గృహస్థుని షెడ్డులోనికి వచ్చుటకు ఈ పన్ను ఒక ముఖ్యకారణమైనది.

ఈ కార్లయందు అడుగు రేకును, నడుమనుండు సొరంగపు రేకును చట్రమునకు నులకగా పనిచేయవలసియుండెను. వానిని పట్టియుంచినది రివెట్టు. గొట్టములోనికి చేయి పోదు గనుక ఈవలినుండియే బిగించు పాప్ రివెట్టును వాడిరి: రేకునకును గొట్టమునకును కలిపి బెజ్జము వేసి, అందు రివెట్టును దూర్చి, దాని నడుమనున్న సూదిని పటకారు వంటి పనిముట్టుతో లాగగా, లోపలి కొన ఉబ్బి గొట్టపు గోడను కఱచుకొనును, సూది టప్పున తెగును. చూచుటకు ముచ్చటైన పని. కాని దీనియందు భారమంతయు చుక్కలు చుక్కలుగా ఆ బెజ్జములమీదనే పడును. కారు మలుపు తిరిగిన ప్రతిసారియు, గతుకు దాటిన ప్రతిసారియు రేకు వెంట్రుకవాసి అటును వెంట్రుకవాసి ఇటును జరుగగా, గుండ్రని బెజ్జము కొంతకాలమునకు కోలగా సాగును. రివెట్టు వదులై గిలకవలె ఆడును. రివెట్టునకును రివెట్టునకును నడుమనున్న రేకు డప్పువలె మ్రోగును.

ఆ సందులో నీరు చేరినచో మఱింత ముప్పు. ఉక్కును అల్యూమినియమును ఉప్పునీటిలో తాకించి యుంచుట విద్యుద్ఘటమును కట్టుటయే. ఆ ఘటమునందు కరగిపోవునది అల్యూమినియము. శీతకాలమున ఇంగ్లండు రోడ్లపై మంచు కరుగుటకు ఉప్పు చల్లుదురు. ఆ నీరు చొచ్చిన అతుకునందు కొన్ని యేండ్లకు రేకు అంచు క్రిందనుండి తెల్లని పొడి పొంగి, రేకును పైకి లేపును; రంగు పొరలు బొబ్బలెక్కును; వ్రేలితో నొక్కిన అంచు అప్పడమువలె విఱుగును. కావున రేకునకును గొట్టమునకును నడుమ ఏదో యొక జిగట పదార్థము పూయుట యనునది, ఈ షెడ్లయందు బలమునకై గాక, రెండు లోహములను ఎడముగా నుంచుటకును, నీటిని ఆపుటకును, మ్రోతను అణచుటకును ఏర్పడిన ఆచారము. జిగురు ఈ యింటికి కావలివానిగా వచ్చినది. అది బరువు మోయగలదను సంగతి అప్పటికే మఱియొకచోట ఋజువైయుండెను.

కేంబ్రిడ్జికి దక్షిణమున డ్యూక్స్‌ఫర్డ్ అను పల్లె కలదు. 1904లో చిలీ దేశపు దక్షిణాగ్రమందలి పుంటా ఆరేనాస్‌లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, తన చేతులతో తానే యొక విమానమును నిర్మించుకొనిన నార్మన్ డి బ్రూయిన్ అను శాస్త్రజ్ఞుడు, ఏరో రీసెర్చ్ అను పేరుతో చిన్న సంస్థనొకదానిని ఆ పల్లెయందు నడపుచుండెను. అంతవరకు విమానపు కలపను అతికినది ముఖ్యముగా కేసీను జిగురు. అనగా విఱిగిన పాలనుండి తీసిన పదార్థము. 1937లో డి బ్రూయిన్ యూరియా-ఫార్మాల్డిహైడ్ జాతికి చెందిన ఏరోలైట్ అను జిగురును తెచ్చెను. తేమకు తాళుట, బూజునకు ఆహారము కాకుండుట దీని గుణములు. 1940 నవంబరు 25వ తేదీన మొదటిసారి ఎగిరిన డి హావిలాండ్ వారి మస్కీటో యుద్ధవిమానము, బర్చి పలకల నడుమ బాల్సా కఱ్ఱను పొదిగి అతికించిన శరీరము గలది. తొలిదినములలో దానికి కేసీనే వాడిరి. మన దేశమునుండి తూర్పు యుద్ధరంగమునకు ఎగురుచుండిన మస్కీటోలు కొన్ని 1944లో గాలిలోనే విచ్చిపోగా విచారణ జరిగినది. ఉష్ణదేశపు తేమయే కారణమని కొందఱును, కర్మాగారమున అతుకులు సరిగా కూర్చకపోవుటయే కారణమని కొందఱును వాదించిరి. ఎవరి పక్షము వహించినను, ఆ వివాదము తేల్చినది యొకటి కలదు: జిగురు మంచిదగుట చాలదు, అతికిన చేయి మంచిదై యుండవలెను. ఈ మాట ఈ వ్యాసమున మరల రాక తప్పదు.

లోహము సంగతి కలపకంటె కఠినము. కలపకు రంధ్రములు గలవు; జిగురు వానిలోనికి ఇంకి వేళ్లు తన్నును. లోహమునకు అట్టి దాహము లేదు. ఫినాలిక్ రెసిన్ లోహమును పట్టును గాని, గాజువలె పెళుసు. చిన్న దెబ్బకే పగులును. 1941లో డి బ్రూయిన్ బృందము ఈ పెళుసుదనమును పోగొట్టుటకు, సాగుగుణము గల పాలీవినైల్ ఫార్మల్ అను మఱియొక పదార్థమును దానితో మేళవించెను. తోమి, ఆమ్లమున కడిగి ఆరబెట్టిన రేకుపై ఫినాలిక్ ద్రవమును పూసి, తడి గచ్చుపై ముగ్గుపిండి చల్లినట్లు దానిపై ఈ తెల్లని పొడిని చల్లి, అంటనిదానిని దులిపివేసి, రేకులను జోడించి, సుమారు 150 డిగ్రీల వేడిలో బలముగా నొక్కియుంచగా, ఆ రెండును కరిగి కలిసి, ఒక దానికొకటి లేని గుణమునిచ్చుకొని, లోహమును విడువని లేపమైనవి. రీసెర్చ్, డ్యూక్స్‌ఫర్డ్ అను రెండు మాటల తొలి అక్షరములను కలిపి దీనికి రీడక్స్ అని పేరిడిరి. మొదట టాంకుల క్లచ్ పలకలకును, పిదప 1944లో ఎగిరిన హార్నెట్ విమానపు రెక్కలయందు కలపకు లోహమును కూర్చుటకును, అటుపిమ్మట 1949లో ఎగిరిన కామెట్ అను జెట్ ప్రయాణికవిమానపు తొడుగునకు లోపలి పట్టెలను అతుకుటకును అది వినియోగపడెను.

కామెట్ పేరు చెప్పినపుడు దాని దురదృష్టమును కూడ చెప్పకుండరాదు. 1954 జనవరిలో ఎల్బా ద్వీపము చెంత సముద్రమున కూలిన కామెట్ శకలములను ఏఱి కూర్చి పరీక్షించినపుడు, లోహశ్రాంతిచేత పుట్టిన బీట పైకప్పునందలి ఒక గవాక్షపు మూలయొద్ద, రివెట్టు బెజ్జము చెంత మొదలైనట్లు తేలెను. బీటకు బెజ్జమే పుట్టినిల్లు అనుట ఇంజనీర్లకు అంతకుముందు తెలియనిది కాదు గాని, ఆ ప్రమాదము తరువాత దానిని మఱచిపోవుట ఎవరికిని సాధ్యము కాలేదు. జిగురు బెజ్జమును కోరదు. భారమును చుక్కలపై గాక వైశాల్యమంతటిపై పఱచును. పందెపు కారునకు దానివలన కలుగు మేలు ఇంతలో ఇమిడియున్నది.

ఇచ్చట ఒక ప్రక్కమాట చెప్పవలెను. యుద్ధమున విమానములకై వేసిన రన్‌వేలు శాంతికాలమున కార్ల పందెములకు నెలవులైనవి. సిల్వర్‌స్టోన్, గుడ్‌వుడ్, స్నెటర్టన్ పూర్వము విమానక్షేత్రములే. లోటస్ సంస్థ 1966లో తరలిపోయిన హెథెల్ కూడ అట్టిదే. మన వంక మద్రాసునుండి నెల్లూరు పోవు దారిలోని షోళవరమున జరిగిన పందెములును యుద్ధకాలపు రన్‌వేపైననే జరిగినవి. నేల సంక్రమించినట్లే విద్యయు సంక్రమించినది. విమానశాలలనుండి బయటకు వచ్చిన పనివారు తమ వెంట రేకు మడచు నేర్పును, రివెట్టు వరుస గీయు నేర్పును, జిగురు జ్ఞానమును తెచ్చిరి. డి హావిలాండ్ సంస్థలో వాయుగతిశాస్త్రజ్ఞుడుగా నుండిన ఫ్రాంక్ కాస్టిన్, లోటస్, వాన్వాల్ కార్లకు ఆకృతులు గీచి, 1959లో జెమ్ మార్ష్‌తో కలిసి మార్కోస్ కారును రూపొందించెను. ఆ కారు చట్రము ఉక్కు గాదు, అల్యూమినియము గాదు. పలుచని ప్లైవుడ్ పలకలను జిగురుతో అతికించిన పెట్టె. మస్కీటో కట్టిన విద్య నేలపై పరుగెత్తినదన్నమాట. కఱ్ఱ కారని నవ్వినవారు పందెములలో దాని వెనుక పడి రావలసివచ్చెను.

లోహమునకు రీడక్స్ వంటి లేపమును వాడుట మాత్రము పందెపు షెడ్లకు అందని మ్రాని పండైనది. 150 డిగ్రీల వేడిని, సమమైన ఒత్తిడిని, కారు చట్రమంత వస్తువునకు ఇవ్వగల పొయ్యి యెవరికున్నది? అందుచేతనే 1962లో చాప్‌మన్ గొట్టపు చట్రమును విడిచి, రేకులనే మడచి పెట్టెగా కట్టిన లోటస్ 25ను హాలండునందలి జాండ్‌వోర్ట్ పందెమునకు దింపినపుడు, ఆ మహాపరివర్తనమును కూడ రివెట్లే మోసినవి.

1966లో జిగురు రెండు త్రోవల పందెములోనికి వచ్చినది. బ్రూస్ మెక్‌లారెన్ తన తొలి గ్రాండ్ ప్రి కారునకు రూపకర్తగా, ఫార్న్‌బరో విమానపరిశోధనాలయమునుండి వచ్చిన రాబిన్ హెర్డ్ అను యువకుని నియమించుకొనెను. హెర్డ్ ఎంచుకొన్నది మాలైట్. బాల్సా కఱ్ఱను పీచు నిలువుగా నుండునట్లు అడ్డముగా కోసి, రెండు ప్రక్కల అల్యూమినియము రేకులను అతికించిన పలక. మెలికకు ఆ కారు ఆశ్చర్యకరముగా గట్టిపడినది. కాని మాలైట్ వంపులకు లొంగదు, అతుకు విప్పి సరిదిద్దుట సులభము గాదు. అదే యేట అమెరికాలో ఫోర్డు సంస్థ, లె మాన్ పందెమునకై, తేనెపట్టు వంటి అల్యూమినియము గుజ్జు గల పలకలను జిగురుతో కూర్చి జె-కార్ అను దానిని కట్టెను. 1966 ఆగస్టు 17న కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ క్షేత్రమున దానిని పరీక్షించుచు కెన్ మైల్స్ ప్రాణము కోల్పోయెను, కారు ముక్కలైపోయినది. ఆ మరణము తరువాత లోపల ఉక్కు గొట్టముల పంజరమును చేర్చి, ఆకృతిని మార్చి, మార్క్ ఫోర్ అను పేరిట దించిన కారుతో 1967లో డాన్ గర్నీ, ఎ.జె. ఫోయిట్ లె మాన్ గెలిచిరి. పంజరములో కూర్చున్న తేనెపట్టు ఆ గెలుపు. ఆ ఉక్కు గొట్టములను చూచినప్పుడెల్ల, వానిని ముందే వేసియుండినచో ఒక మంచి చోదకుడు, అంతకు మించిన పనివాడు బ్రతికియుండునేమో యన్న తలపు నాకు కలుగక మానదు.

ఇంతలో పొయ్యి అక్కఱలేని లేపమొకటి అందఱ చేతికిని వచ్చినది. స్విట్జర్లాండున పియెర్ కాస్టాన్, అమెరికాలో సిల్వన్ గ్రీన్‌లీ కనుగొనిన ఎపాక్సీ రెసిన్‌ను స్విస్ సంస్థయైన సీబా 1946లో అరాల్డైట్ అను పేర లోకమునకు పరిచయము చేసెను. మఱి కొలదికాలమునకే డి బ్రూయిన్ సంస్థయు డ్యూక్స్‌ఫర్డ్ కార్ఖానాతో సహా సీబా చేతిలోనికి పోయినది. రెండు ట్యూబులలోని పదార్థమును సమముగా పిండి, అగ్గిపుల్లతో కలిపి, విఱిగిన దానిని అతికించుట మన ఇండ్లలోను తెలియనివారు లేరు. కాని ఈ జిగురు గట్టిదనమే దాని దోషమని రేకు పనివారు త్వరలో గ్రహించిరి. 1938లో ఫోల్కర్సెన్ అను జర్మన్ ఇంజనీరు, రివెట్టు వరుసలయందు ఏ రివెట్టుపై ఎంత భారము పడునని లెక్క కట్టి, భారమంతయు సమముగా పంచుకొనబడదు, వరుస కొనలయందే అధికముగా పేరుకొనునని చూపెను. ఆ గణితమే జిగురు అతుకునకును వర్తించినది: అతుకు ఎంత వెడల్పుగా పూసినను శ్రమపడునవి దాని రెండు అంచులే. అరటిపండును నిలువునా లాగి దాని తొక్కను ఊడదీయుట ఎవరితరమును కాదు. కొన పట్టి ఒలిచినచో పసివాడును ఒలుచును. గట్టి ఎపాక్సీ నిలువు లాగుడుకు తాళును, ఒలుపునకు తాళదు. పలుచని రేకు వణకినపుడెల్ల తన అంచును తానే ఒలుచుకొనుచుండును.

కావున సాగు జిగురు కావలసివచ్చినది. 1920ల దశకమున అమెరికాలో జోసెఫ్ పాట్రిక్ అను రసాయనికుడు మఱేదో వెదకుచు, దుర్గంధము వెదజల్లు బంక వంటి పదార్థమును కనుగొనగా, దానికి థయోకోల్ అను పేరు వచ్చినది. ఆ పాలీసల్ఫైడ్ వంశమే విమానపు ఇంధనపు టాంకుల అతుకులను మూయుటకు వాడుకలోనికి వచ్చినది. 1937లో జర్మనీలో ఓటో బేయర్ పాలీయురితేను రసాయనమును కనిపెట్టెను. గాలియందలి తేమనే ఆహారముగా గ్రహించి, ఒక ట్యూబునుండియే వెలువడి, రబ్బరువలె గట్టిపడు పాలీయురితేను జిగురులు దాని సంతతి. వానిలో సికాఫ్లెక్స్ 1968లో వెలువడినది. కారు ముందరి అద్దమును రబ్బరు పట్టీతో బిగించు పద్ధతి పోయి, జిగురుతోనే అతికించు పద్ధతి వ్యాపించుటతో ఈ జాతి జిగురు ప్రతి గ్యారేజీలోను కొలువైనది. అద్దము అతికిన జిగురుతోనే అడుగు రేకును అతికించిన మొదటి షెడ్డు ఎవరిదో గాని, ఆ పని చేసినవాని బుద్ధికి నేను నమస్కరింతును. వ్రేలి మందమున వత్తిగా పిండి, పైన రేకును దించి నొక్కినపుడు రెండు మూడు మిల్లీమీటర్ల పొరగా నిలుచు ఆ జిగురు, ఎండకు అల్యూమినియము ఉక్కుకంటె ఎక్కువ సాగినను తానును సాగును; రేకు వణకును మ్రింగును; లోహములను ఎడముగా నుంచును. పలుచగా పూసిన ఎపాక్సీ ఎంత బలమో మందముగా పూసిన ఎపాక్సీ అంత పెళుసు. ఈ జాతికి మందమే ప్రాణము.

ఇది సర్వరోగనివారిణి కాదు. దీనిని గట్టిపఱచునది తేమ గనుక, వెడల్పైన అతుకు నడుమ అది రోజుల తరబడి పచ్చిగానే యుండును. ఎక్జాస్టు గొట్టము సమీపమున వేడికి క్రమముగా మెత్తబడును. సిలికోను వేడికి తాళును గాని బలము తక్కువ. కొన్ని రకములు పులుపు వాసనతో ఆమ్లమును విడిచి ఉక్కును తుప్పు పట్టించును, అది తగిలినచోట పిదప రంగు పట్టదు. మెథాక్రిలేట్ జిగురులు నిమిషములలో గట్టిపడి చక్కని బలమునిచ్చును. ఊడదీయవలసివచ్చినపుడు మాత్రము రేకు చింపవలెను. నులకగా పనిచేయు అడుగు రేకు వేఱు, గాలిని మరల్చుటకు మాత్రము వేసిన ప్రక్క రేకు వేఱు, నెలకొకసారి విప్పవలసిన సొరంగపు రేకు వేఱు. అన్నింటికంటె బలమైన జిగురు ఏదని అడుగువాడు తప్పు ప్రశ్న వేయుచున్నాడని నా దృఢవిశ్వాసము. ఆ అతుకు ఎట్టి బాధ పడబోవుచున్నదని మొదట అడుగవలెను.

1988 ఏప్రిల్ 28న హవాయి దీవులలో హిలోనుండి హోనలూలునకు పోవుచున్న అలోహా సంస్థ బోయింగు 737 విమానపు పైకప్పు, ఆకాశమధ్యమున సుమారు 18 అడుగుల మేర ఊడిపోయినది. ఒక విమానపరిచారిక గాలిలో కలిసిపోయెను. ఆ విమానపు రేకుల అతుకులయందు ఎపాక్సీలో నానిన బట్టను శీతలముగా అతికించి, పైన రివెట్లు వేసియుండిరి. చల్లగా దాచిన ఆ జిగురుపొరపై కర్మాగారమున తేమ చేరుటచేతను, లోహపు ఉపరితలము సరిగా సిద్ధము కాకపోవుటచేతను అతుకు కొన్నిచోట్ల పట్టలేదు. పట్టనిచోట నీరు చేరినది. జిగురు మోయవలసిన బరువు రివెట్లపై పడినది. బెజ్జములనుండి బీటలు బయలుదేరినవి. వెలుపలనుండి చూచువానికి ఏమియు కనబడదు. జిగురు అతుకునందలి భయము ఇదియే: చెడినదియు మంచిదియు చూపునకు ఒకటే.

ఆ భయమును దాటుటకు తగిన క్రమశిక్షణ 1995లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో చూపి, 1996లో అమ్మకమునకు వచ్చిన లోటస్ ఎలీస్‌నందు కానవచ్చును. రిచర్డ్ రాఖమ్ రూపొందించిన దాని చట్రము, హైడ్రో అల్యూమినియము సంస్థ డెన్మార్కున టొండెర్‌లో, అచ్చుగుండ నెట్టి తీసిన అల్యూమినియము పట్టెలను ఎపాక్సీతో అతికించి, పొయ్యిలో వేడిచేసి తయారుచేసినది. బరువు 68 కిలోలు మాత్రమే. వెల్డింగు వేడి అల్యూమినియమును మెత్తబఱచును గనుక వెల్డు చేయవలసిన గోడలు మందముగా నుండవలెను. జిగురునకు ఆ బాధ లేదు గనుక గోడలు పలుచనైనవి. ఆ ఎపాక్సీ సీబా వారిది; అనగా డి బ్రూయిన్ డ్యూక్స్‌ఫర్డ్ పొయ్యి చేరిన ఇంటిది. అయినను ఆ అతుకుల కొనలయందు మరలు కలవు. అవి చట్రమును మోయుటకు గాదు. ప్రమాదమున అతుకు అంచునుండి ఒలిచికొనిపోకుండుటకు. అరటిపండు కొనకు కట్టిన దారమువంటివి.

అదే 1996లో రాన్ ఛాంపియన్ అను ఉపాధ్యాయుడు, సెవెన్ వంటి కారును 250 పౌండ్లకే ఎవరికి వారు కట్టుకొను విధమును చెప్పు పుస్తకమును ప్రకటించెను. ఒకవంక కార్ఖానా తన అతుకులను పొయ్యిలో వండుచుండగా, మఱియొకవంక వేలమంది గృహస్థులు తమ షెడ్లయందు గొట్టములు వెల్డుచేసి, రేకులు కత్తిరించి, జిగురు తుపాకి చేతబట్టిరి. ఆ గృహస్థులలో నాకు తెలిసినవా రొకరు కలరు. నార్ఫోక్ ప్రాంతమున స్థిరపడిన గుంటూరువారు. వయసున నాకు పెద్ద. ఆయన అడుగు రేకు వేయునాడు నేను సాయము పోయితిని. మూడు గంటలసేపు జిగురు ట్యూబు మూతయే తీయలేదు. గొట్టముల అంచులు గరుకు కాగితముతో తోమితిమి. రేకు లోపలి అంచు మెఱపు చచ్చువఱకు రుద్దితిమి. స్పిరిటు తడిపిన గుడ్డతో తుడిచితిమి. ఒక మూల నేను తుడిచిన గుడ్డనే మడచి మరల తుడువబోగా ఆయన చేయిపట్టి ఆపెను. "ఆ గుడ్డ పక్కన పడేయ్ తమ్ముడూ. దానిమీదున్న జిడ్డంతా మళ్లీ రేక్కి పూస్తున్నావ్. ప్రతిసారీ కొత్త ముక్క తీసుకో." పిదప ప్రైమరు పూసి ఆరనిచ్చి, నల్లని పాలీయురితేనును వత్తిగా పిండి, రేకును దించి, ముందే వేసిన బెజ్జములలో, రేకును తాత్కాలికముగా పట్టియుంచు స్కిన్ పిన్నులను గ్రుచ్చి, సందునుండి నలుపు సమముగా ఉబికి వచ్చువఱకు ఒత్తి, పిమ్మట ఒక్కొక పిన్నును తీసి రివెట్టు వేసితిమి. వ్రేళ్లకంటిన నలుపు వారము దినములు పోలేదు.

రెండేండ్ల తరువాత స్నెటర్టన్‌లో ఆ కారు రాయిమీదికి ఎక్కి అడుగు నొక్కుకొనిపోగా, రేకు మార్చవలసివచ్చినది. రివెట్ల తలలు డ్రిల్లుతో తీసివేసినను రేకు కదలలేదు. సన్నని ఉక్కుతీగను సందులో దూర్చి, ఇరుప్రక్కల ఇద్దఱము పట్టుకొని రంపమువలె లాగవలసివచ్చెను. తీగ పోయిన దారియంతట జిగురు తనలో తానే చీలి, గొట్టముమీద సగమును రేకుమీద సగమును నల్లగా నిలిచినది. క్రింద ఉక్కు వెల్డు చేసిననాటి రంగుతోనే యున్నది. చివరి మూల మాత్రము తీగ తగులకముందే పైకి లేచినది. అచ్చట రేకు వెనుకభాగము అద్దమువలె శుభ్రము. అరచేతి వెడల్పున జిగురు మచ్చయైనను లేదు, అంచున తెల్లని పొడి మాత్రము సన్నగా పట్టియున్నది. ఆ మూల ఎవరు తుడిచినదో ఆయనయు అడుగలేదు, నేనును చెప్పలేదు. ఆయన కొత్త గుడ్డ ముక్క యొకటి చించి నా చేతికిచ్చెను.